ముందే చెప్పిన సాక్ష్యం

మ్రానికొమ్మల ఆదివారం మరునాడు నా భార్య లిదియా చనిపోయింది.

ఈస్టరుకు ముందటి ఆ ఆదివారం మా చర్చి గుడిలో అందరితో పాటు ఈతకొమ్మ పట్టుకుని పాడింది. సోమవారం పొద్దున నా డబ్బాలో అన్నం సర్ది, తన డబ్బా మరిచిపోయి, మనూరు బస్సెక్కింది. ఆ మండలంలో ఒక ఆరోగ్య ఉపకేంద్రంలో ఆమె ఏ.ఎన్.ఎం. గర్భిణుల బరువులు చూస్తూ చూస్తూ తల పట్టుకుని బల్ల మీద కూర్చుందట. "సంతోషీ, జర గా లైటు బందు చెయ్యవా" అన్నదట ఆశా కార్యకర్తతో. అది పట్టపగలు. ఆ గదిలో లైటు వెలగడం లేదు. సంతోషి ఈ మాట నాకు చాలాసార్లు చెప్పింది. చెప్పిన ప్రతిసారీ, తాను లేచి వెళ్లి స్విచ్చు నొక్కానని కూడా చెప్పింది.

నేను కల్హేర్ ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆ పూట ఎనిమిదో తరగతి వార్షిక పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. ఫోను వచ్చి, బండి తీసి, అంబులెన్సు వెనక పోతూ ఉండగానే, సంగారెడ్డి ఇంకా రాకముందే, అయిపోయింది. మెదడులో నరం చిట్లిందన్నారు. కోపం తెచ్చుకోవడానికి ఎవరూ దొరకలేదు.

అప్పటికి మా అమ్మాయి నిస్సీకి నీట్ పరీక్ష మూడు వారాల్లో ఉంది. గురుకులంలో ఇంటర్ ముగించి, ఇంటి దగ్గరే ఫోనులో పాఠాలు వింటూ చదువుకుంటోంది. సమాధుల తోట నుంచి వచ్చిన సాయంత్రం పుస్తకం తెరిచి, కొంతసేపు చూసి, మూసింది. మరునాడు మళ్లీ తెరిచింది. పరీక్షకు పోవాలా వద్దా అని మేమిద్దరం మాట్లాడుకోలేదు. పరీక్ష రోజు వచ్చింది, సంగారెడ్డి తీసుకుపోయాను, రాసి వచ్చింది.

లిదియా తల్లి రూతమ్మ, మా అత్తమ్మ, మాతోనే ఉండిపోయింది. కల్హేర్ అవతల పల్లెలో ఆమెకు కొంచెం చెలక పొలం ఉంది. దాన్ని పాలుకిచ్చి వచ్చింది. "మీ ఇద్దర్ని ఇడిసిపెడితె టీ తాగి పండుకుంటరు" అని వంటిల్లు పట్టుకుంది. ఏడుస్తూ ఆమె నాకు కనబడలేదు. ఇంటికి వచ్చినవాళ్లు ఏడిస్తే నీళ్లిచ్చి, "సాలు తియ్యి, మొకం కడుక్కో" అనేది.

ఫలితాలు జూన్‌లో వచ్చాయి. బడులు తెరిచిన వారం. నేను ఇంటికి చేరేసరికి నిస్సీ గడప దగ్గర ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఏడు వందల ఇరవైకి నూట తొంభై ఆరు. కింద 'క్వాలిఫైడ్' అని ఉంది.

"పాసా, ఫేలా?" అంది అత్తమ్మ లోపలి నుంచి.

"క్వాలిఫై అయిన అమ్మమ్మా. గని…"

"గని ఏంది? పాసయితె పాసే గదా."

"పాస్ గాదు. మార్కులు తక్కువొచ్చినయ్."

"తక్కువైనా పాసు పాసే. మీ తాత తక్కువతోనే ఏడు పాసై గుళ్లె వాక్యం చదివిండు."

క్వాలిఫై కావడమంటే వరుసలో నిలబడడానికి అర్హత రావడం. వరుస ఎంత పొడుగుందో, మా కేటగిరీలో సీట్లు ఎన్ని వేళ్ల మీద లెక్కకు వస్తాయో నిస్సీకి తెలుసు. నాకూ తెలుసు. బడిలో ఇలాంటి మార్కుల కింద నేను 'ఇంకా కృషి చేయాలి' అని రాసి సంతకం పెడతాను. ఆ సాయంత్రం మాత్రం, "టీ తాగుతావా?" అన్నాను.

మా గుడిలో ఒక అలవాటు ఉంది. మెట్ట పొలాల మీద బతికే సంఘం మాది. మిరుగం కార్తె ఇంకా రాకముందే, మొగులు కనబడకముందే, సాక్ష్యాల వేళ, అంటే దేవుడు చేసిన మేలు నలుగురికీ చెప్పుకునే వేళ, ఎవరో ఒకరు లేచి కురిసిన వానకు స్తోత్రం చెబుతారు. రాబోయేదానికి కాదు, కురిసినదానికే. అడిగితే అనుమానం ఉన్నట్టు, ముందే కృతజ్ఞత చెబితే విశ్వాసం ఉన్నట్టు. అలా చెప్పిన తరువాత వాన వచ్చిన సంవత్సరాలు అందరికీ గుర్తుంటాయి.

ఫలితాల తరువాతి ఆదివారం అత్తమ్మ ఒక పుంజును కాళ్లు కట్టి సంచిలో పెట్టుకుని గుడికి తెచ్చింది. కానుకేమో అనుకున్నాను. సాక్ష్యాల వేళ లేచి, పుంజును తీసుకుపోయి ప్రార్థన బల్ల ముందర పెట్టి, మైకు అందుకుంది.

"నా మనుమరాలు నిస్సీ డాక్టరయింది. దేవునికి స్తోత్రం."

అంతే చెప్పి వచ్చి కూర్చుంది. గుడి మొత్తం చప్పట్లు కొట్టింది. మా పాస్టరు గిద్యోను అయ్యగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. లిదియాకు అంత్యక్రియల ప్రార్థన చేసింది ఆయనే. "తల్లి లేని బిడ్డను దేవుడు మర్చిపోలేదు" అని, నిస్సీని ముందుకు పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించాడు. నిస్సీ తల వంచుకుని మోకరించింది. పుంజు రెక్కలు కొట్టుకుంటూనే ఉంది.

ఇంటికి నడుస్తూ అన్నాను: "అత్తమ్మా, సీటు ఇంకా రాలేదు."

"నాకు తెల్వదా? నేనేమన్న పిచ్చిదాన్ననుకున్నవా అల్లుడా?"

"మరి?"

"నడిమంత్రాన ఒకర్ని తీస్కపోయిండు. నేనేమన్న అన్ననా? అన్లే. ఇగ ఒకటియ్యాలె గదా. ముందే స్తోత్రం చెప్పిన. నలుగురి ముంగట చెప్పిన. ఇయ్యక యాడికి పోతడు?"

నిస్సీ మా కంటే ముందు, చాలా ముందు నడుస్తోంది.

ఆ వారం నుంచి మా వాకిట్లోకి మనుషులు రావడం మొదలైంది. మొదట వచ్చింది ఎదురింటి వీరప్ప. బస్సు డిపో దగ్గర మిర్చి బజ్జీల బండి ఆయనది. మాది వేరే గుడి, ఆయనది వేరే గుడి. అయినా వార్తకు గోడ అడ్డం కాలేదు. పంచె మోకాలి దాకా లాగి మెట్టు మీద కూర్చున్నాడు.

"డాక్టరమ్మా, ఈ మోకాలు జర సూడు."

"నేనింకా డాక్టర్ని గాదు తాతా."

"గందుకే ఇప్పుడొచ్చిన. పెద్ద డాక్టరువైనంక నీ దగ్గరికి నన్ను రానిస్తరా? గేటు కాడ్నే ఆపుతరు."

"రాత్రి నొప్పి ఎక్కువుంటదా, పొద్దున లేవంగనా?"

"గట్ల అడిగిండ్రా ఎవరన్న!" అన్నాడు వీరప్ప నా వైపు తిరిగి. "పెద్ద దవాఖానల మొకం గుడ సూడకుండ గోలీలు రాసి పంపిండ్రు."

మందు ఏదీ చెప్పలేదు నిస్సీ. సర్కారు దవాఖానలో ఎముకల డాక్టరు ఏ వారం వస్తాడో చెప్పింది. ఆ తరువాత షుగరు గోలీల అట్టలు పట్టుకుని ఆడవాళ్లు వచ్చారు. ఏది తినకముందు, ఏది తిన్నాక అని అట్ట మీద చదివి, ఆ అట్టకు చుక్క పెట్టి ఇచ్చేది. కడుపుతో ఉన్న ఒక పిల్ల వస్తే పాదాల మీద వేలు నొక్కి చూసి, "వాపున్నది, ఇవ్వాళనే పోయి బీపీ చూపించుకో" అని తానే ఆటో ఎక్కించింది. అవన్నీ లిదియా దగ్గర చూసి నేర్చుకున్నవే. సెలవుల్లో తల్లితో పాటు ఊళ్లు తిరిగేది.

నాకు కష్టమైనది ఆ జనం కాదు. వాళ్లతో మాట్లాడేటప్పుడు నిస్సీ ముఖం. ఆకలిగా ఉన్న పిల్లకు అన్నం వాసన వచ్చినట్టు ఉండేది. వాళ్లు వెళ్లిపోయాక ఆ ముఖం మామూలుగా అయ్యేది. నేను లోపలికి వెళ్లి ఏదో ఒక పని చూసుకునేవాణ్ని.

కౌన్సెలింగు వానాకాలమంతా సాగింది. డిపో ఎదుట బస్వరాజ్ నెట్ సెంటర్‌లో కాలేజీల ఆప్షన్లు పెట్టాం. బస్వరాజ్ వాళ్లది బీదర్ వైపు ఊరు. మాట్లాడుతూ మాట్లాడుతూ కన్నడంలోకి పోయి, మళ్లీ తెలుగులోకి వచ్చేవాడు. ఎప్పుడు పోయినా పక్కన ఎవరో ఒకరు ఆధార్ కోసం వేలిముద్ర పడక వేలును ప్యాంటుకు రుద్దుకుంటూ ఉండేవారు. బస్వరాజ్ అటొక కన్ను, ఇటొక కన్ను.

"ఏ కాలేజీ ముందు పెట్టాలె సార్?"

"అన్నీ పెట్టు."

"అన్నీ పెట్టినోళ్లకే వస్తదన్నట్టు. ఉస్మానియా గుడ పెట్టాల్నా?"

"పెట్టన్నా" అంది నిస్సీ. "దేవునికి తప్పించుకునే సందు ఉండొద్దన్నది మా అమ్మమ్మ."

బస్వరాజ్ నవ్వాడు. నిస్సీ కూడా నవ్వింది. లిదియా పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అదే మొదలు.

మొదటి రౌండులో రాలేదు. పెసర కోతలప్పుడు రెండో రౌండు. ఆ రోజు ముసురు పట్టింది. నెట్ సెంటర్ ముందర బురద. బస్వరాజ్ పేజీ తెరిచి, చూసి, కుర్చీ మా వైపు తిప్పకుండానే చెప్పాడు.

"రాలే సార్. ఆఖరు సీటుకు మనకు శానా దూరమున్నది."

నేను తలూపాను. అతను మంచివాడు. అలా వదిలేయలేకపోయాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి. అమ్మ పోయిన దుఃఖంల రాసింది పాపం. లేకుంటె పక్కా వచ్చేటిది."

ఈ మాట నేను అప్పటికి చాలామంది నోట విన్నాను. మా ప్రధానోపాధ్యాయుడు అన్నాడు. లిదియాతో పనిచేసిన వాళ్లు అన్నారు. విన్నప్పుడల్లా నాకు కొంచెం ఊపిరి ఆడేది. ఆ తక్కువ మార్కులకు ఒక గౌరవమైన కారణం ఉన్నట్టు అనిపించేది.

"కాదన్నా" అంది నిస్సీ.

"ఏంది?"

"అమ్మ ఉన్నప్పుడు రాసిన మోడల్ పరీక్షలల్ల గుడ గన్నే వచ్చినయ్. ఒకపారి ఇంకా తక్కువొచ్చినయ్. ఫిజిక్స్ నాకు రాదు." కొంచెం ఆగింది. "అమ్మ మీద పెట్టకుండ్రి."

బస్వరాజ్ మౌస్ మీద చెయ్యి అలాగే పెట్టి ఉంచాడు. ఆ రోజు పక్క కుర్చీలో వేలు రుద్దుకుంటున్నతను కూడా ఆగి చూశాడు. తరువాత యంత్రం 'టింగ్' అంది. అతని వేలిముద్ర పడింది.

బయట చూరు కింద వాన తగ్గేదాకా నిలబడ్డాం. జహీరాబాద్ బస్సు ఒకటి నీళ్లు చిమ్ముతూ డిపోలోకి పోయింది.

"నీకు డాక్టరు కావాలని ఉందా?" అని అడిగాను. అంతవరకు అడగలేదు. పిల్లలకు ప్రశ్నలు వేయడమే నా వృత్తి.

"ఉన్నది నాన్న. శానా ఉన్నది."

"మళ్లీ రాస్తావా? లాంగ్ టర్మ్ కోచింగుకు హైదరాబాద్ పంపిస్తాను."

"రాస్తె జర పెరుగుతయ్. గంత పెరుగుతయో లేదో తెల్వది." చున్నీ చివర పిండుకుంది. "నీట్ కన్న ముందు రాసిన ఎప్‌సెట్ ర్యాంకుకు నర్సింగ్ రావచ్చు. బీఎస్సీ. అది గుడ పెడుదమా?"

లిదియాను అడిగి చెబుదామన్న ఆలోచన ముందు వచ్చింది. ఇంటికి పోయి, ఆమె చెప్పులు విడిచేదాకా ఆగి, నీళ్లు తాగనిచ్చి, అడగాలి అనుకున్నాను. ఆ ఆలోచన ఎంత మామూలుగా వచ్చిందో చెప్పలేను. బండి తాళం చేతిలోకి తీసుకున్నాను కూడా.

ఆమె ఉంటే ఏమనేదో నాకు నిజంగా తెలియదు. కష్టమైన కాన్పు ఒకటి పెద్ద దవాఖానకు పంపి వచ్చిన సాయంత్రం, "మనింట్ల ఒక్క డాక్టరుంటె ఎట్లుండు" అనేది. మండుటెండలో తండాలన్నీ తిరిగి వచ్చి కాళ్లు బకెట్లో పెట్టుకున్నప్పుడు, "ఈ నౌకరి నా బిడ్డకొద్దు" అనేది. తెల్లారి మెడలో గుర్తింపు కార్డు రిబ్బను సరిచేసుకుని, ఎవరో పసిపిల్ల బరువు పెరిగిందని సంబరంగా చెబుతూ బస్సుకు పరుగెత్తేది. ఈ మూడింటిలో ఏది ఆమె మాట? ముగ్గురు లిదియాలూ నాకు కావాలి. ఒక్కరు కూడా లేరు.

"పెడదాం" అన్నాను.

నర్సింగ్ సీటు వచ్చింది. సంగారెడ్డిలో. నేను ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ తన చెలక నుంచి వచ్చిన పెసర్లు వాకిట్లో చెరుగుతోంది. నిస్సీ పక్కన కూర్చుని రాళ్లు ఏరుతోంది. మా ఇద్దరిలో ఎవరు ముందు చెప్పాలన్నట్టు నా వైపు చూసి, తానే చెప్పింది.

"అమ్మమ్మా, నర్సింగ్ సీటొచ్చింది. పోతున్న."

చాట ఆగలేదు. "నర్సింగంటె?"

"నర్సు."

"మీ అమ్మ లెక్కనా?"

"అమ్మ కన్న జర ఎక్కువ చదువు. నాలుగేండ్లు."

"మరి డాక్టరు?"

"రాలే అమ్మమ్మా. రాదు గుడ."

చాట ఆగింది. పొట్టు ఎగిరి నిస్సీ జుట్టు మీద పడి ఉంది. అత్తమ్మ చెయ్యి చాపి దాన్ని తీసేసింది.

"మల్ల దేవునికేమని చెప్పాలె?"

"దేవునికి తెలిసే ఉంటది. మనోళ్లకు చెప్తె సాలు."

"తెల్సి గుడ చెప్పకపాయె సూడు! పుంజును ఊకెనే తిన్నట్టేనా?"

"పుంజును తిన్నది అయ్యగారు గదనే."

అత్తమ్మకు నవ్వు వచ్చింది. ఆపుకుంది. ఆ తరువాత చాలాసేపు చెరిగింది. చెరిగిన పెసర్లనే మళ్లీ చెరిగింది.

"ఈ ఆదివారం నేను లేసి చెప్త" అంది నిస్సీ.

"నువ్వు నోరు మూసుకో. చెప్పింది నేను. నా మాట నేనే సక్కజేస్త."

ముందు అయ్యగారితో ఒక మాట అనాలని ఆమె పట్టుబట్టింది. నేనే తీసుకుపోయాను. గిద్యోను అయ్యగారు కుర్చీ వేసి, చాయ్ ఇప్పించి, మొత్తం విన్నాడు. "మూడో రౌండున్నదంట గదా రూతమ్మా? తొందరెందుకు? విశ్వాసం ఇడువకు" అన్నాడు. దయతోనే అన్నాడు. మూడో రౌండులో కూడా రాలేదు. ఆ సంగతి చూడడానికి నేనొక్కణ్నే పోయాను. బస్వరాజ్ ఈసారి రోడ్డు దాకా వచ్చి దిగబెట్టాడు. అయ్యగారికి ఆ మాట మేమెవరమూ చెప్పలేదు.

కోత పండుగ నవంబరులో. గుడి స్తంభాలకు జొన్న దంట్లు, చెరుకు గడలు కట్టారు. బల్ల ముందర గుమ్మడికాయలు, కంది కట్టలు, కోళ్లు, ఒక మేకపిల్ల. ఆరాధన అయ్యాక అన్నీ వేలం పాడతారు. అత్తమ్మ పెసర్ల మూట తెచ్చింది. కొత్త చీర కట్టుకోలేదు. లిదియా చీర కట్టుకుంది.

సాక్ష్యాల వేళ ఆమె లేచింది. మూటను మోసుకుపోయి బల్ల ముందర పెట్టింది. మైకు అందుకుంది. నిస్సీ నా పక్కన లేదు, ఆడవాళ్ల వైపు ముందు వరుసలో ఉంది. ఆమె వీపు నిటారుగా కావడం చూశాను.

"వానలు మంచిగ పడ్డయి. దేవునికి స్తోత్రం."

"స్తోత్రం" అన్నారు అందరూ.

"పెసర్లు ఈ పంట మంచిగొచ్చినయి. స్తోత్రం."

"స్తోత్రం."

"మిరుగంల నేనీడ ఒక మాట చెప్పిన. నా మనుమరాలి గురించి చెప్పిన."

మైకులో ఆమె ఊపిరి వినబడుతోంది.

"నా మనుమరాలు…" అంది. ఆగింది. నిస్సీ వైపు చూసింది. "నా బిడ్డ… నా బిడ్డ…"

మైకును రెండు చేతులతో పట్టుకుని, నోరు తెరిచి, నిలబడిపోయింది. ఏప్రిల్‌లో ఏడవవలసిన ఏడుపు అప్పుడు వచ్చింది. పెద్దగా, సిగ్గు లేకుండా, పొలంలో ఏడ్చినట్టు ఏడ్చింది.

ఎవరో "హల్లెలూయా" అన్నారు. ఆడవాళ్లు చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. గిద్యోను అయ్యగారు ఆమె భుజం పట్టుకుని, "ఆనందబాష్పాలు. మన బిడ్డ, మన సంఘం మొదటి డాక్టరు" అన్నాడు. చప్పట్లు పెరిగాయి. నిస్సీ లేచి వెళ్లి అమ్మమ్మను పట్టుకుంది. ఇద్దరూ అలాగే నిలబడ్డారు. నిస్సీ మైకు వైపు చెయ్యి చాపలేదు. అమ్మమ్మ వీపు మీద నుంచి చెయ్యి తీయలేదు.

నేను లేచి చెప్పవచ్చు. రెండు వాక్యాలు చాలు. ఆ రెండు వాక్యాలు నా దగ్గర సిద్ధంగా, తప్పుల్లేకుండా ఉన్నాయి. లేచాను కూడా. అత్తమ్మను కూర్చోబెట్టి, నీళ్ల సీసా మూత తీసి ఇచ్చాను.

వేలంలో ఆ పెసర్ల మూటను మొగులప్ప అనే రైతు పాడుకుని, "డాక్టరమ్మ ఇంటి పెసర్లు" అని నవ్వుతూ భుజానికెత్తుకున్నాడు.

మంగళవారం నిస్సీని సంగారెడ్డిలో దించి వచ్చాను. వారానికి ఒకసారి ఫోను చేస్తుంది. సూది ఎలా పట్టుకోవాలో నేర్పారని, మొదట నారింజపండుకు వేయించారని చెప్పింది. నీట్ మళ్లీ రాస్తానని అనలేదు, రాయనని కూడా అనలేదు. వీరప్ప తన మోకాలికి ఆపరేషను నిస్సీ చేతనే చేయించుకుంటానని, అందాకా ఆగుతానని అంటున్నాడు. అత్తమ్మ ప్రతి శనివారం సాయంత్రం, "రేపు చెప్త అల్లుడా" అంటుంది. ఆదివారం గుడికి పోతాం, పాడతాం, ఇంటికి వస్తాం.

నిస్సీ డాక్టరు చదవడం లేదన్న మాట మా సంఘానికి ఇంకా చెప్పలేదు.